జట్టులో చోటు, మనసులో చోటు

పిల్లలూ!

పోయిన నెల ఒక సాయంకాలం మా వీధి అరుగు మీద కూచుని పేపరు చూస్తున్నాను. తొమ్మిదో తరగతి చదివే కుర్రవాళ్లు ఇద్దరు గట్టిగా వాదించుకుంటూ వచ్చి నా ముందు నిలబడ్డారు.

"మాస్టారూ, మీరే తీర్పు చెప్పాలి!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

సంగతి ఇది. వాళ్ల బడి బాస్కెట్‌బాల్ జట్టులో పదో తరగతి అబ్బాయి ఒకడున్నాడు. పదో తరగతి అంటే బడి జట్టుకు వృద్ధుడే గదా! నిరుడు వాడు విసిరిన బంతి బుట్టలో పడకుండా ఉండేది కాదట. కప్పు తెచ్చింది వాడే. ఈ ఏడు మాత్రం వరసగా మూడు ఆటల్లో వాడి చెయ్యి కుదరలేదు. అయినా డ్రిల్లు మాస్టారు వాడినే ఆడిస్తున్నారు.

"ఇది అన్యాయం మాస్టారూ! ఎనిమిదో తరగతివాడు ఒకడు ఎంతో బాగా ఆడుతున్నాడు. వాడిని బల్ల మీద కూచోబెట్టేశారు" అన్నాడు మొదటివాడు.

"నిరుడు కప్పు తెచ్చినవాడిని మూడు ఆటలకే తోసేస్తారా? అంతకంటే కృతఘ్నత ఉంటుందా?" అన్నాడు రెండోవాడు.

"నేను మర్యాదరామన్నను కాను. అయినా ఒక కథ చెబుతాను, కూచోండి" అన్నాను. ఆ కథే మీకూ చెబుతున్నాను.

మన తెలుగువాడైన వంగిపురపు వెంకటసాయి లక్ష్మణ్ పేరు మీరు వినే ఉంటారు. 1974లో హైదరాబాదులో పుట్టాడు. ఆయన ఆడినది క్రికెట్టు. బాస్కెట్‌బాల్‌లో ఎవరు ఆడాలో శిక్షకుడు చెబుతాడు. క్రికెట్టులో ముందు సెలెక్షన్ కమిటీవారు జట్టును ఎంపిక చేస్తారు. అందులో ఆనాడు ఆడే పదకొండుగురు ఎవరో కాప్టెనూ, శిక్షకుడూ కలిసి తేల్చుకుంటారు. ఆట వేరైనా చిక్కు మాత్రం ఒక్కటే.

2001 మార్చిలో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియాతో టెస్టు మాచీ జరిగింది. ఆస్ట్రేలియా అప్పటికి వరసగా 16 టెస్టులు గెలిచి ఉన్నది. మొదటి ఇన్నింగ్సులో వాళ్లు 445 పరుగులు చేస్తే మనవాళ్లు 171 మాత్రమే చేశారు. 274 పరుగులు వెనకబడ్డాము. "మళ్లీ మీరే ఆడండి" అన్నారు వాళ్లు. ఆ 171లో లక్ష్మణ్‌వి 59. అది చూసి కాప్టెన్ గంగూలీ, శిక్షకుడు జాన్ రైట్ ఆయనను ఆరో స్థానం నుంచి మూడో స్థానానికి పంపారు. అక్కడ ఆడే రాహుల్ ద్రావిడ్‌కు ఆ రోజుల్లో పరుగులు సరిగా రావడం లేదు. ఆయనను ఆరో స్థానానికి దింపారు. దింపారే గాని జట్టులోంచి తియ్యలేదు!

తర్వాత ఏమైంది? లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180 చేశారు. ఇద్దరూ కలిసి 376 పరుగులు జోడించారు. నాలుగో రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్క వికెట్టు కూడా పడలేదు. చివరికి 171 పరుగుల తేడాతో మనమే గెలిచాము.

"చూశావా! తియ్యకుండా ఉంచబట్టే గదా!" అని రెండోవాడు ఎగిరి గంతు వేశాడు.

"ఆగు నాయనా, కథ సగమే అయింది" అన్నాను.

పదేళ్లు గడిచాయి. 2010 అక్టోబరులో మొహాలీలో ఆస్ట్రేలియా మీద గెలవడానికి 216 పరుగులు కావాలి. 124 పరుగులకు ఎనిమిది వికెట్లు పోయాయి. లక్ష్మణ్‌కు వెన్నునొప్పి. ఆయన బదులు పరుగెత్తడానికి వేరొకరిని పెట్టుకుని, ఔటు కాకుండా 73 పరుగులు చేశాడు. ఒక్క వికెట్టు తేడాతో మనం గెలిచాము. "అనుభవమంటే ఇదీ!" అన్నారు అందరూ.

మరుసటి ఏడు కథ తిరగబడింది. 2011లో ఇంగ్లండులో నాలుగు టెస్టులూ ఓడిపోయాము. 2011 డిసెంబరు నుంచి 2012 జనవరి దాకా ఆస్ట్రేలియాలో ఆడిన నాలుగూ ఓడిపోయాము. ఆయన వయస్సు అప్పటికి 37. మా ఊళ్లో టీ కొట్ల దగ్గరా, గోదావరి గట్టు మీదా ఇదే వాదన. "లక్ష్మణ్‌ను ఇంకా ఎందుకు ఆడిస్తున్నారు?" అని కొందరు. "లక్ష్మణ్‌ను తియ్యడానికి వీళ్లెవరు?" అని కొందరు. సరిగ్గా మీలాగే!

వాదన వచ్చినప్పుడు ముందు లెక్క చూడాలి. పలకా బలపం తీసుకోండి.

ఇంగ్లండులో ఎనిమిది ఇన్నింగ్సులకు 182 పరుగులు. ఎనిమిదితో భాగించండి, సగటు 22.75. ఆస్ట్రేలియాలో ఎనిమిది ఇన్నింగ్సులకు 155. సగటు 19.4. "తియ్యాల్సిందే" అంటారు మీరు. కాని ఈ రెంటికీ మధ్య, 2011 నవంబరులో, వెస్టిండీసు జట్టు మన దేశం వచ్చింది. అప్పుడు ఐదు ఇన్నింగ్సులకు 298 పరుగులు చేశాడు. అందులో ఈడెన్ గార్డెన్స్‌లో ఔటు కాకుండా చేసిన 176 ఉన్నది. సగటు కట్టేటప్పుడు ఔటు కాని ఇన్నింగ్సును భాజకంలో కలపరు. అటువంటివి రెండు. కనుక 298ని మూడుతో భాగించాలి. సగటు 99.33!

ఇప్పుడు చెప్పండి, ఏ అంకె నిజం? మూడూ నిజమే. సొంత గడ్డ వేరు, పరాయి గడ్డ వేరు. బంతి వేసేవారూ వేరు. తనకు నచ్చిన అంకె ఒక్కటే పట్టుకున్నవాడు ఏది కావాలంటే అది రుజువు చెయ్యగలడు. మూడు ఆటలు చూసి మనిషిని తూచడంలో ఉన్న చిక్కు ఇదే.

శరీరం సంగతి కూడా చూడాలి. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి బాటును చేరడానికి అర సెకను కూడా పట్టదు. అంతలోనే చూడాలి, ఏ బంతో పోల్చుకోవాలి, కాలు కదపాలి, బాటు తిప్పాలి. వయస్సు పెరిగినకొద్దీ తెలివిడి పెరుగుతుంది. కాలు మాత్రం కొంచెం ఆలస్యం చేస్తుంది. ఈ రెంటిలో ఏది ముందున్నదో బయట కూచుని చూసేవాళ్లకు తెలియదు. ఒక్కొక్కప్పుడు ఆటగాడికే తెలియదు.

ఇంకొక విచిత్రం వినండి. ఆ ఆస్ట్రేలియా యాత్రలోనే 23 ఏళ్ల విరాట్ కోహ్లీ కూడా ఉన్నాడు. మొదటి రెండు టెస్టుల్లో అతను చేసినవి 11, 0, 23, 9. అతన్నీ తియ్యలేదు. మూడో టెస్టులో 44, 75 చేశాడు. నాలుగో టెస్టులో 116 చేశాడు. అంటే ఓపిక పట్టడం పెద్దవాళ్ల కోసమే కాదు, చిన్నవాళ్లకూ అది కావలసిందే. ఒకే జట్టులో ఇద్దరి మీదా ఓపిక పట్టారు. ఒకరి విషయంలో ఫలించింది, ఒకరి విషయంలో ఫలించలేదు. ఏది ఫలిస్తుందో ముందుగా ఎవరు చెప్పగలరు?

2012 ఆగస్టులో న్యూజిలాండు జట్టు వచ్చింది. మొదటి టెస్టు హైదరాబాదులో, ఆగస్టు 23న మొదలు. సెలెక్షన్ కమిటీవారు లక్ష్మణ్‌ను ఎంపిక చేశారు. సొంత ఊరు, సొంత జనం. ఆడి, చప్పట్ల మధ్య సెలవు తీసుకోవచ్చు. కాని ఐదు రోజుల ముందు, ఆగస్టు 18న, ఆయన ఆట విరమించుకుంటున్నానని ప్రకటించాడు. తన అంతరాత్మ మాట విన్నాననీ, కుర్రవాళ్లకు అవకాశం రావాలనీ చెప్పాడు. చేతికి వచ్చిన చోటును తానే వదులుకున్నాడు.

ఇక్కడ కుర్రవాళ్లిద్దరూ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మొదటివాడు అడిగాడు: "అయితే మాస్టారూ, తప్పుకోవడం ఆటగాడి పనేనా? మాస్టారు చెప్పనక్కరలేదా?"

మంచి ప్రశ్న. దానికి జవాబు నేను నా తప్పు నుంచి నేర్చుకున్నాను.

నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో, ఒక పల్లెటూరి హైస్కూల్లో కబడ్డీ జట్టు బాధ్యత నా మీద ఉండేది. కూతకు వెళితే ఇద్దరినో ముగ్గురినో తాకకుండా తిరిగిరాని పిల్లవాడు ఒకడుండేవాడు. ఒక ఏడు వాడికి కాలవగట్టు మీద జారి పడి మోకాలు బెణికింది. నొప్పి తగ్గిందన్నాడు గాని, పూర్వపు చురుకుదనం రాలేదు. వాడి ముఖం చూసి తియ్యలేకపోయాను. రెండు ఆటలు ఓడాము. మూడో ఆటకు ముందు నోటీసుబోర్డు మీద పేర్లు అంటించాను. వాడి పేరు లేదు. వాడితో ముందుగా ఒక్క మాట చెప్పలేదు. చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు.

సాయంత్రం వాడు ఆటకు సిద్ధమై బనీనుతో వచ్చాడు. బోర్డు చూశాడు. విప్పిన చొక్కా మళ్లీ తొడుక్కుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత నేను ఎదురైతే పక్క సందులోకి తప్పుకునేవాడు. వాడి చోటులో ఆడిన కుర్రవాడైనా సంతోషించాడా? లేదు. "ముందు రెండు ఆటలూ నన్నెందుకు ఆపారు సార్?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఉంచడమూ తప్పు కాదు, తియ్యడమూ తప్పు కాదు. రెండూ నోరు విప్పకుండా చేశాను. అదే తప్పు. "నాయనా, నీ మోకాలు కుదుటపడలేదు. రెండు ఆటలు చూద్దాము. కుదరకపోతే నువ్వు బయట కూచుని కొత్తవాడికి మెలకువలు నేర్పాలి" అని మొదటి రోజే చెప్పి ఉంటే వాడు పక్క సందులోకి తప్పుకుని ఉండేవాడు కాడు. బల్ల మీద కూచున్నవాడితో, "నీ వంతు ఫలానా రోజున వస్తుంది, సిద్ధంగా ఉండు" అని చెప్పి ఉంటే వాడూ నొచ్చుకునేవాడు కాడు.

నిన్నటి మేలుకు మనం రుణపడి ఉన్న మాట నిజం. ఆ రుణం తీర్చవలసింది జట్టులో చోటు ఇచ్చి కాదు. గౌరవం ఇచ్చి, నిజం చెప్పి. జట్టులో చోటు ఈనాటి ఆటకు. మనసులో చోటు ఎప్పటికీ ఉంటుంది. లక్ష్మణ్ జట్టు నుంచి తప్పుకున్నాడని ఎవరూ ఆయనను మరచిపోలేదు. 2021లో బెంగుళూరులోని జాతీయ క్రికెట్ అకాడమీని నడిపే బాధ్యత ఆయనకే అప్పగించారు. కుర్రవాళ్లను తయారుచేసే పని!

"ఇంతకూ మాలో ఎవరు గెలిచారు మాస్టారూ?" అన్నాడు రెండోవాడు.

"అది తరువాత. మీ బడిలో ఆ పదో తరగతి అబ్బాయికి ఈ ఏడు చెయ్యి ఎందుకు కుదరడం లేదు? మీలో ఎవరైనా అడిగారా?" అన్నాను.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరూ అడగలేదు! మూడు ఆటల నుంచి వాడి గురించి ఊరంతా వాదిస్తున్నారు గాని, వాడితో మాట్లాడినవాడు లేడు. ఇద్దరూ చెప్పులు వేసుకుని, నాతో చెప్పకుండానే పరుగెత్తారు. తీర్పు సంగతి మరి అడగలేదు.

పెద్దలకు ఒక మాట. మీ పిల్లవాడిని జట్టులోంచి తీసేస్తే వెంటనే మాస్టారి మీదికి వెళ్లకండి. కారణం పిల్లవాడికి చెప్పారా లేదా అని మాత్రం మర్యాదగా అడగండి. ఆ మాట అడిగే హక్కు మీకున్నది.

పిల్లలకు ఈ నెల లెక్క: లక్ష్మణ్ 134 టెస్టుల్లో 225 ఇన్నింగ్సులు ఆడాడు. వాటిలో 34 సార్లు ఔటు కాలేదు. మొత్తం పరుగులు 8781. సగటు ఎంత? 46కు మూడు నూరోవంతులు తక్కువ వస్తే మీ లెక్క సరి.

మీ
మాస్టారు