కిడ్స్ మోడ్‌లో ఒకే స్క్రీన్‌ని ఇద్దరు చదువుతారు

కొత్త ఫోన్ రివ్యూల్లో కిడ్స్ మోడ్‌కి మనం ఇచ్చేది మహా అయితే ఒక్క లైన్: "పేరెంటల్ కంట్రోల్స్ కూడా ఉన్నాయి." ఏమేం ఆప్షన్లు ఉన్నాయో చూస్తాం కానీ, ఆ స్క్రీన్ మీద ఏం రాసి ఉందో చూడం. నేను యాప్‌లు రాసే ఇంజినీర్‌ని. నా లెక్కలో ఈ ఫీచర్‌లో కోడ్ కంటే కష్టమైన పని ఆ నాలుగు మాటలు రాయడమే. ఎందుకంటే ఆ స్క్రీన్‌ని ఇద్దరు చదువుతారు: చేతిలో ఫోన్ పట్టుకున్న ఏడేళ్ల పాప, వెనక నుంచి వాళ్లమ్మ.

టైమ్ లిమిట్‌నే తీసుకోండి. "మీ యాక్సెస్ పరిమితం చేయబడింది" అని వస్తే పాపకి అర్థమయ్యేది ఒక్కటే, తనేదో తప్పు చేసిందని. అమ్మకేమో ఫోన్ పాడైందేమో అని డౌట్. అదే "ఈ రోజు గంట అయిపోయింది. రేపు మళ్లీ చూడొచ్చు. ఇంకాస్త టైమ్ కావాలంటే అమ్మనో నాన్ననో అడుగు" అని ఉంటే ఇద్దరికీ క్లారిటీ వస్తుంది. ఐఫోన్ స్క్రీన్ టైమ్‌లో ఇంకొంచెం టైమ్ అడిగే బటన్ ఉంది. గొళ్లెం పెట్టి ఊరుకోకుండా, తర్వాత ఏం చేయాలో చెబుతుంది.

తెలుగులో ఇంకో చిక్కు ఉంది. ఇంగ్లీష్‌లో 'యూ' అంటే సరిపోతుంది. మనకి 'నువ్వు'నా, 'మీరు'నా తేల్చుకోవాలి. పాపని 'మీరు' అంటే బ్యాంక్ మెసేజ్‌లా ఉంటుంది, నాన్నని 'నువ్వు' అంటే మర్యాద పోతుంది. కాబట్టి పిల్లల స్క్రీన్‌కీ, పేరెంట్ సెట్టింగ్స్‌కీ టెక్స్ట్ విడివిడిగా రాయాల్సిందే. ఒకదాన్ని రెండు చోట్లా కాపీ కొడితే కుదరదు.

ఇక పేరెంట్స్‌కి ధైర్యం చెప్పడం. "100% సేఫ్" అని రాయడం ఈజీ. కానీ ఒక్క చెత్త వీడియో కనబడితే చాలు, ఆ యాప్ మీద నమ్మకం గోవిందా. 2015లో వచ్చిన యూట్యూబ్ కిడ్స్ ఈ విషయంలో నయం. ఏ ఫిల్టరూ పర్ఫెక్ట్ కాదనీ, నచ్చని వీడియోని బ్లాక్ చేయొచ్చనీ, రిపోర్ట్ కొట్టొచ్చనీ పేరెంట్స్‌కి ముందే చెబుతుంది. నిజంగా ధైర్యమిచ్చేది ఇలాంటి మాటే.

అసలు పరీక్ష ప్రైవసీ దగ్గర. 2021 ఆగస్టులో ఆపిల్, పిల్లల మెసేజ్‌లలో నగ్న ఫొటోల్ని గుర్తించే ఫీచర్ ప్రకటించింది. 13 ఏళ్ల లోపు పిల్లలు అలాంటి ఫొటో తెరిస్తే పేరెంట్స్‌కి అలర్ట్ వెళ్లేలా ప్లాన్ చేసింది. అందరి ఇల్లూ పిల్లలకి సేఫ్ కాదు కదా అని విమర్శలొచ్చాయి. డిసెంబర్‌లో ఐఓఎస్ 15.2తో ఫీచర్ వచ్చేసరికి ఆ ఆటోమేటిక్ అలర్ట్ లేదు. నమ్మకమున్న పెద్దవాళ్లకి చెప్పాలా వద్దా అన్నది పిల్లల చేతికే వదిలారు.

ఏ డిజైన్ మంచిదని వాదించుకోవచ్చు. నేను ఒప్పుకోనిది ఒక్కటే: పేరెంట్‌కి "అన్నీ మీకు తెలుస్తాయి" అని, పాపకి "ఇది నీ సీక్రెట్" అని చెప్పడం. మాటతీరు వేరుగా ఉండొచ్చు, చెప్పే నిజం మాత్రం ఒకటే ఉండాలి. ఆ తేడా దొరికిన రోజు పాప యాప్‌నీ నమ్మదు, అమ్మనీ నమ్మదు.

ఇంట్లో తమ్ముడికో మేనకోడలికో ఫోన్ సెటప్ చేసేది ఎలాగూ మనమే. ఈసారి సెట్టింగ్స్ ఆన్ చేశాక, ఆ స్క్రీన్ చూపించి పిల్లల్నీ పెద్దల్నీ విడివిడిగా ఒకే ప్రశ్న అడగండి: "ఇందులో ఎవరికి ఏం కనిపిస్తుంది?" ఇద్దరూ ఒకే జవాబు చెబితే ఆ కిడ్స్ మోడ్‌కి నా మార్కులు ఫుల్.