మిట్టమధ్యాహ్నం తలుపులు తెరిచి ఉంచండి

జిల్లా గ్రంథాలయ సంస్థ అధ్యక్షుల వారికి, కార్యదర్శి గారికి,



బడులకు వేసవి సెలవులు దగ్గరపడుతున్నాయి. ఏటా ఈ రోజుల్లోనే వేసవి శిబిరాల ఉత్తర్వు మీ కార్యాలయం నుంచి శాఖా గ్రంథాలయాలకు వెళ్తుంది. ఈసారి దాని మీద సంతకం పడేలోగా ఒక మాట మీ చెవిన వేయాలని, నలుగురూ చదివేలా ఈ లేఖ రాస్తున్నాను. అన్నిటికన్నా ముందు అడిగేది ఒక్కటే. సెలవులు ఉన్నన్నాళ్లూ ఉదయం పదకొండింటికి గ్రంథాలయాలకు తాళం పడకూడదు. పొద్దున ఎనిమిదికి తెరిచిన తలుపు సాయంత్రం ఏడు దాకా మూయకూడదు.

నేను సహకార బ్యాంకులో పనిచేసి రిటైరైనదాన్ని. కొన్నేళ్లుగా ఎండాకాలంలో మా ఊరి గ్రంథాలయానికి వెళ్లి పిల్లలకు కథలు చెబుతున్నాను. మాది కాలువ పక్కన చిన్న పట్టణం. గ్రంథాలయం ఉదయం ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు. పొద్దున్నే పేపరు చూసుకుని పనికి పోయేవాళ్లకూ, పని దిగి వచ్చేవాళ్లకూ అనువుగా పెట్టిన వేళలివి. ఏడాదిలో పది నెలలు వీటితో ఎవరికీ ఇబ్బంది లేదు. ఎండాకాలం సంగతి వేరు. ఎండలు ముదిరాక పదకొండు నుంచి నాలుగు దాకా అవసరమైతే తప్ప బయట తిరగవద్దని విపత్తుల నిర్వహణ సంస్థ హెచ్చరికలు ఇస్తుంది. సరిగ్గా ఆ పదకొండింటికే పిల్లల చేతుల్లోని పుస్తకాలు తీసుకుని వాళ్లను ఎండలోకి పంపుతున్నాం. వడదెబ్బకు భయపడి పెద్దవాళ్లు ఇంటిపట్టున ఉండే ఐదు గంటలూ పిల్లలకు నీడ ఇవ్వగలిగిన ఒకే ఒక్క ప్రభుత్వ భవనానికి తాళం వేస్తున్నాం.

ఆ ఐదు గంటలూ వాళ్లు ఎక్కడుంటారో దయచేసి ఒకసారి ఆలోచించండి. మా శిబిరానికి వచ్చే పిల్లల్లో చాలామంది తల్లులు తెల్లవారుజామునే ఉపాధి హామీ పనికి వెళ్తారు. అది అయిపోగానే కొందరు మిరపకాయల తొడిమలు తీయడానికి గోదాముకు పోతారు. నాన్నలు తాపీ పనికో, ఆటో తోలడానికో వెళ్తారు. రేకుల ఇంట్లో మధ్యాహ్నం కూర్చోవడం ఎవరి తరమూ కాదు. ఫోను ఉన్న పిల్లవాడు ఎవరి అరుగు మీదో దాంట్లో తల దూరుస్తాడు. లేనివాడు కాలువ గట్టు పడతాడు. ఈతకు దిగి మునిగిపోయిన పిల్లల వార్త రాని వేసవి మన జిల్లా పేజీల్లో ఉందా? చెరువు, క్వారీ గుంత, కాలువ రేవు. చోటు మారుతుంది, అంతే. గ్రంథాలయం తెరిచి ఉంచితే ఇవన్నీ ఆగిపోతాయని నేను అనను. ఒక ఇద్దరు పిల్లలకైనా ఆ మధ్యాహ్నం వెళ్లడానికి వేరే చోటు ఉంటుంది. నాకు ఆ ఇద్దరు చాలు.

ఇక శిబిరాల గురించి. గ్రంథాలయ శాఖ వేసవి శిబిరాలు నడపడం మంచి పని, ఆ ఆలోచన చేసినవారికి చేతులెత్తి దండం పెడతాను. కానీ చాలా ఊళ్లలో అది మొదటి రోజు ఫ్లెక్సీ, అతిథులు, ఫొటో. చివరి రోజు ప్రశంసాపత్రాలు. నడుమ రోజుకు రెండు గంటల కార్యక్రమంగా కుదించుకుపోయింది. రెండు గంటల్లో స్పోకెన్ ఇంగ్లిష్, బొమ్మలు గీయడం, కాగితం మడతలతో పక్షులు, పుస్తక పఠనం, ఆ పైన చదరంగం. గంట కొట్టి పీరియడ్లు మార్చినట్టు మార్చేస్తుంటే పిల్లలు దేంట్లోనూ మునగలేరు. ఐదో తరగతి పిల్లల్లో ఎంతోమంది రెండో తరగతి పాఠం కూడా తడుముకోకుండా చదవలేకపోతున్నారని పిల్లల చదువు మీద సర్వే చేసే అసర్ నివేదికలు చెబుతూనే ఉన్నాయి. అలాంటి పిల్లవాడు నలుగురి ముందు పుస్తకం తెరవడు. అందరూ వెళ్లిపోయాక, ఎవరూ చూడటం లేదని నమ్మకం కుదిరాక, బొమ్మలున్న పుస్తకం ఒకటి లాక్కుని మూల కూర్చుని, కూడబలుక్కుంటూ చదువుతాడు. పదిన్నరకు మొదలుపెడతాడు. పదకొండుకు లేపేస్తాం. మళ్లీ ఆ ధైర్యం రావడానికి వారం పడుతుంది.

మీ దగ్గరికి తరచూ ఒక అభ్యంతరం వస్తుందని నాకు తెలుసు. పిల్లల గోలకు ఉద్యోగార్థుల చదువు పాడవుతుందని. అది తేలిగ్గా తీసిపారేసే మాట కాదు. చిన్న ఊళ్ల గ్రంథాలయాల్లో కుర్చీలు నింపుతున్నది ఇప్పుడు వాళ్లే. గ్రూప్స్‌కూ, డీఎస్సీకీ, కానిస్టేబుల్ పరీక్షకూ చదివే పిల్లలు. పుస్తకాలు సొంతవే తెచ్చుకుంటారు. వాళ్లకు కావలసినవి ఫ్యానూ, నిశ్శబ్దమూ. మా ఊళ్లో గొడవ కూడా జరిగింది. డీఎస్సీకి చదివే అమ్మాయి ఒకరోజు విసుక్కుంటూ వరండాలోకి వచ్చింది. చేతిలో శిశు వికాసం పుస్తకం. ఆమెనే కాసేపు పొడుపు కథలు వేయమని కూర్చోబెట్టాను. అరగంట అనుకున్నది గ్రంథాలయానికి తాళం పడేదాకా సాగింది. తర్వాత ఆమే మిగతావాళ్లతో మాట్లాడి వంతులు వేసింది. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు గంటసేపు వరండాలో పిల్లలకు లెక్కల చిక్కుముడులో, బొమ్మల కథలో చెప్పాలి. ఆ గంటలో లోపల హాలు నిశ్శబ్దంగా ఉండేలా పిల్లలు చూసుకోవాలి. రెండు పక్షాలూ మాట నిలబెట్టుకున్నాయి. కాబట్టి హాలు పెద్దవాళ్లకు, వరండా పిల్లలకు అని ఉత్తర్వులోనే రాయండి. వరండాకు ఒక గ్రీన్‌నెట్ కట్టించి రెండు ఫ్యాన్లు పెట్టించండి. అది చాలు.

పుస్తకాల బీరువాల సంగతి కూడా చెప్పాలి. మా గ్రంథాలయంలో పిల్లల పుస్తకాలు అద్దాల బీరువాలో, తాళం వెనుక ఉన్నాయి. మంచిపుస్తకం వారివి, నేషనల్ బుక్ ట్రస్ట్ వారివి, పేజీకి రెండు వాక్యాలతో నిండా బొమ్మలతో ఉన్నవి. పిల్లలు అద్దానికి ముక్కు ఆనించి అట్టలు చూస్తారు. ఇందులో గ్రంథపాలకుడి తప్పు లేదు. పుస్తకాల తనిఖీలో లెక్క తగ్గితే తన జేబులోంచి కట్టాలేమోనని ఆయన భయం. బ్యాంకులో ఆడిట్లు చూసినదాన్ని, ఆ భయం నాకు బాగా తెలుసు. కానీ కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనలు, 2017లో గ్రంథాలయాలకు ఒక వెసులుబాటు ఉంది. ఏడాదిలో పాఠకులకు ఇచ్చిన, పాఠకులు చూసిన ప్రతి వెయ్యి పుస్తకాలకూ ఐదు పోతే, అందులో నిర్లక్ష్యమో మోసమో లేనప్పుడు, దాన్ని సహజ నష్టంగా తీసుకోవచ్చు. అవి కేంద్ర కార్యాలయాలకు వర్తించే నిబంధనలు. అయినా పుస్తకం వాడుకలో అరుగుతుందనీ, కొన్ని పోతాయనీ ప్రభుత్వమే ఒప్పుకుందని వాటివల్ల తెలుస్తోంది. ఆ మేరకు మీరు కూడా మీ గ్రంథపాలకులకు రాతపూర్వకంగా భరోసా ఇవ్వండి. నలభై యాభై రూపాయల పిల్లల పుస్తకం పది చేతులు మారి చిరిగిపోతే అది నష్టం కింద రాయాల్సింది కాదు. అరలు పాఠకులకు తెరిచి ఉంచాలని గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లోనే వాదించారు. 1948 నాటి మద్రాసు గ్రంథాలయ చట్టం వెనుక ఉన్నదీ ఆయనే. అప్పట్లో ఆ చట్టం మన కోస్తా, రాయలసీమ జిల్లాలకూ వర్తించింది.

అలాగే సెలవుల్లో పిల్లలకు డిపాజిట్ లేకుండా ఒక్కో పుస్తకం ఇంటికి ఇవ్వండి. బడి గుర్తింపు కార్డు చూపిస్తే చాలనండి. ఇంటికి వెళ్లిన పుస్తకాన్ని ఆ పిల్ల ఒక్కతే చదవదు. చెల్లెలు వింటుంది, చదువు రాని నాయనమ్మ బొమ్మలు చూసి కథ అడుగుతుంది.

ఇవన్నీ కొత్తగా నేర్చుకోవాల్సిన పనులు కావు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914 ఏప్రిల్ 10న బెజవాడలో పుట్టింది, ఎండాకాలంలోనే. అయ్యంకి వెంకటరమణయ్య గారి తరం వాళ్లు గ్రంథాలయ యాత్రలు చేస్తూ ఊరూరా తిరిగారు. చదువు రానివాళ్లకు పేపరు చదివి వినిపించారు, హరికథలు చెప్పించారు, రాత్రి బడులు నడిపారు. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ మీద గ్రంథాలయాన్నే నడిపారు. పాఠకుడు రాలేకపోతే పుస్తకం రేవుకు వెళ్లి నిలబడింది. ఆ మనుషులకు జీతాల బడ్జెట్ లేదు, చట్టం లేదు, పన్ను లేదు. మీకు ఆ మూడూ ఉన్నాయి.

పన్ను మాట వచ్చింది కాబట్టి డబ్బు సంగతి తేల్చుకుందాం. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. ఏడాదికి 1,500 రూపాయల ఇంటి పన్ను ఉన్న కుటుంబం 120 రూపాయలు గ్రంథాలయానికి ఇస్తోంది. తమ గ్రంథాలయం గడప ఎప్పుడూ తొక్కనివాళ్లు కూడా ఇస్తున్నారు. పురపాలక సంఘాలు, పంచాయతీలు ఆ సొమ్ము వసూలు చేసి మీకు జమ చేయాలి. జమ చేయడంలో జాప్యం, బకాయిలు ఉన్నాయని మీరే సమావేశాల్లో చెబుతుంటారు. ఆ బకాయిలు రాబట్టడంలో ఊరి జనం మీ పక్కన నిలబడతారు. అయితే ఆ డబ్బుతో ఏం జరుగుతుందో వాళ్ల కంటికి కనిపించాలి. మండుటెండలో తమ పిల్లవాడు ఫ్యాను కింద కూర్చుని చదువుకుంటుంటే అంతకు మించిన లెక్క చూపించనక్కర్లేదు.

నేను అడిగిన దానికి పెద్ద మొత్తం కూడా అక్కర్లేదు. మా గ్రంథపాలకుడు ఒక్కరే. పక్క శాఖకూ ఆయనే ఇన్‌చార్జి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇది మామూలైపోయింది. ఆయన మీద మరో ఐదు గంటలు మోపమని నేను చెప్పను. ఊళ్లో డిగ్రీ చదివిన ఇద్దరిని ఆ నెలన్నరకు గౌరవ వేతనం మీద పెట్టండి. నెలకు తలా 8,000 అనుకున్నా మొత్తం 24,000 రూపాయలు. పిల్లల విభాగాలకు కోల్‌కతాలోని రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ సాయం చేస్తుంది. వారికి ప్రతిపాదనలు పంపడం మీ చేతిలో ఉన్న పని. ఖాళీ పోస్టుల భర్తీ గురించి ప్రభుత్వాన్ని మీరు అడగాలి. మేమూ అడుగుతాం. అది తేలేదాకా పిల్లలు ఎండలో ఆగలేరు.

ఆదివారం సాయంత్రాలు ఊరందరివి కావాలని ఇంకొక ఆశ. ఇవి ఖర్చులేని పనులు. పాత చందమామ బైండు సంపుటాలు మా బీరువాలో ఉన్నాయి. 1947 జూలైలో మొదలైన ఆ పత్రిక ఇప్పుడు రావడం లేదు. అందుకే వాటిని ఎవరికీ ఇవ్వరు. ఇంటికి ఇవ్వకపోయినా ఆదివారం బల్ల మీద పెట్టి, అప్పట్లో వాటిని చదివిన ముసలమ్మల చేత పిల్లలకు చదివించవచ్చు. పోయినేడు మా ఊరి సైన్సు మాస్టారు పిల్లల్ని మేడ మీదికి తీసుకెళ్లి చుక్కలు చూపించారు. మే నెలలో చీకటి పడగానే ఉత్తరాన సప్తర్షి మండలం ఎత్తున కనిపిస్తుంది. దాని తోక వంపు వెంట చూపు పోనిస్తే స్వాతి, ఇంకా ముందుకెళ్తే చిత్త. దుర్భిణి అక్కర్లేదు, వీధి లైటు ఒక్కటి ఆర్పిస్తే చాలు. తాటాకుతో బూరలు, బొమ్మలు చేసేవాళ్లు ఊళ్లో ఇంకా ఇద్దరు ముగ్గురున్నారు. బుర్రకథ దళంలో పనిచేసిన పెద్దాయన ఉన్నారు. వీళ్లు గ్రంథాలయానికి వస్తే వీళ్లతోపాటు వీళ్ల వీధీ వస్తుంది. ఈ ఆదివారం కార్యక్రమాలకు అనుమతి మీరు ఇవ్వాలి, మిగతాది మేం చూసుకుంటాం.

మా వైపు నుంచి కొన్ని ఏర్పాట్లు ఇప్పటికే ఖాయమయ్యాయి. మంచినీళ్ల కుండలు, మజ్జిగ చలివేంద్రం నడిపేవాళ్లు ఇస్తారు. పిల్లలు క్యారేజీలు తెచ్చుకుంటారు. తెచ్చుకోలేని వాళ్లకు గుడి అన్నదాన కమిటీ పులిహోర పంపుతానంది. ఓఆర్ఎస్ ప్యాకెట్లు దగ్గర ఉంచి రోజూ ఒకసారి వచ్చి చూసుకుంటానని మా వీధి ఆశా కార్యకర్త మాట ఇచ్చింది. వరండాలో వంతులకు డీఎస్సీ పిల్లలు ఈసారి ముందే పేర్లు రాసిచ్చారు.

మీ ఉత్తర్వులో ముఖ్యంగా ఈ నాలుగు మాటలు చేర్చండి: సెలవుల్లో ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఏడు దాకా తెరిచి ఉండాలి, పిల్లల బీరువాకు తాళం ఉండకూడదు, డిపాజిట్ లేకుండా పుస్తకం ఇంటికి ఇవ్వాలి, ఇద్దరు సహాయకులకు గౌరవ వేతనం మంజూరు. అన్ని శాఖల్లో ఒకేసారి కుదరకపోతే ఈ వేసవికి జిల్లాలో ఐదారు శాఖల్లో మొదలుపెట్టండి, మాది అందులో ఉండనివ్వండి. ఏప్రిల్ మూడో వారంలోగా మీ జవాబు వస్తే వరండాకు గ్రీన్‌నెట్ కట్టించడానికి వ్యవధి ఉంటుంది. జవాబు మా గ్రంథపాలకుడి పేరనే పంపండి. నోటీసు బోర్డు మీద పెట్టిస్తాం.

ఇట్లు,
శాఖా గ్రంథాలయ పాఠకుల తరఫున
ఒక పాఠకురాలు