కోకిలమ్మకు అరువు గొంతు

"పిన్నీ, కోకిల పాడుతోంది చూడు!" అంటూ మా అక్కకొడుకు ఫోను తెచ్చి నా కళ్లముందు పెట్టాడు. ఎదురింటి మామిడికొమ్మ. ఎక్కడా కుదుపు లేదు. పిట్ట మెడ తిప్పితే పట్టుచీర కుచ్చెళ్లు జారినంత నునుపు. వెనకాల వేణువు, మధ్యమధ్య కుహూ, కుహూ!

అంతా బాగానే ఉంది గానీ, ఆ పిట్టకి గోధుమరంగు ఒంటినిండా తెల్లచుక్కలు. అంటే ఆడకోకిల. కుహూ అనేది నల్లటి మగకోకిల. ఆడది కిక్కిక్కిక్కుమని గదమాయిస్తుందే తప్ప పాడదు. గాయనీమణులకి కోకిల బిరుదులిచ్చే పెద్దలు ఈ సంగతి కనుక్కున్నట్టు లేదు, ఆ పేచీ మరోసారి పెట్టుకుందాం.

"దీనికా గొంతు ఎక్కణ్ణించి వచ్చిందిరా?" అన్నాను.

"వేరేచోట దొరికితే అతికించాను. బాగా కుదిరింది కదూ!"

వాడి సంజాయిషీ వినండి. కదలిక సాఫీగా ఉండాలని సెకనుకి 120 ఫ్రేములు తీసి, 30 చొప్పున చూపించాడట. అంటే నాలుగింతల నిదానం. శబ్దాన్నీ అలాగే సాగదీస్తే రెండు స్థాయిలు కిందికి దిగి, పిట్ట కాస్తా కప్పలా బెకబెకమంటుంది. అందుకని అసలు గొంతు తీసి పారేశాడు.

దిద్దుకోవద్దని నేననను. చెయ్యి వణకకుండా స్టాండు పెట్టుకోండి, గాలి హోరు తగ్గించండి. వంద మీటర్ల దూరాన పిట్ట ముక్కు తెరిస్తే, కూత మనదాకా రావడానికి సుమారు 0.3 సెకను పడుతుంది. ఆ తేడా సరిచేస్తే భేష్ అంటాను. కానీ ఆడదాని మాట తీసేసి, వినసొంపుగా ఉందని మగవాడి గొంతు తగిలించి, 'బాగా కుదిరింది' అనుకోవడమా? ఈ విద్య మన ఇళ్లల్లో మనం చూడనిదేనా అమ్మా!

పోనీ మగకోకిలకైనా న్యాయం జరుగుతోందా? అది ఒక్కో కుహూకీ శ్రుతి పెంచుకుంటూ పోయి, పైకి వెళ్లాక చటుక్కున ఆపేస్తుంది. ఆ తర్వాతి నిశ్శబ్దంలోనే కదా, దూరాన ఇంకోటి అందుకుంటుందేమోనని మనం చెవులు రిక్కించేది! వీళ్లు దాన్ని 'ఖాళీ' అని కత్తిరించేస్తారు.

ఇంతకన్నా ఘోరం మరొకటుంది. పిట్ట పలక్కపోతే దాని జాతి పాటే ఫోనులో వినిపించి రప్పిస్తారు. గూట్లో పిల్లలున్న నల్లంచి, తన తావులోకి పరాయి మగపిట్ట చొరబడిందనుకుని మేత మానుకుని యుద్ధానికి వస్తుంది. అది గొంతు చించుకుంటుంటే వీడియోకి పేరు 'ప్రభాత గానం'!

"అసలు తీసింది ఉందా, చెరిపేశావా?" అని నిలదీశాను. ఉందన్నాడు. పెట్టించాను. కిక్కిక్కిక్! మా కుక్కరు రెండో కూత. ఆ వెనకాల పాలవాడితో లెక్క తేలక తగువులాడుతున్న నా గొంతు.

"ఇదేం బాగుంది పిన్నీ?" అన్నాడు వాడు మొహం చిట్లించి.

"అందరికీ ఇదే పంపించరా," అన్నాను.