పేరు యాప్ చెబుతుంది.. రుజువు మీరే చూడాలి

వానలు పడితే చాలు, నకిరేకల్ చుట్టుపక్కల రోడ్ల వెంట, బీడు భూముల్లో వయ్యారిభామ గుబురుగా లేస్తుంది. దాని ఆకుల్ని జల్లెడలా కొరికేస్తూ ఓ పెంకు పురుగు కనిపించిందనుకోండి. అర సెంటీమీటరు కంటే కాస్త పొడవు, తెల్లటి వీపు మీద వంకర టింకర గోధుమ గీతలు. ఫోన్ తీసి ఫొటో కొడతారు. యాప్ ఏదో పేరు చెబుతుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు.

ఆ పేరు కొలరాడో పొటాటో బీటిల్ అయితే? ఆలుగడ్డ పంటను నాశనం చేసే ఆ పురుగు మన దేశంలో స్థిరపడలేదు. పైగా అది సైజులో పెద్దది, వీపు మీద పది నిలువు గీతలుంటాయి. వయ్యారిభామ మీద ఉన్నది బహుశా జైగోగ్రామా బైకలరాటా. ఈ కలుపును అదుపు చేయడానికే మెక్సికో నుంచి తెప్పించి, 1984లో బెంగళూరు పరిసరాల్లో వదిలారు. అంటే రైతుకు మేలు చేసేది. తప్పు పేరు నమ్మి మందు కొడితే నష్టం మనకే.

పేరు కరెక్టయినా పని అయిపోదు. 1990ల మొదట్లో కర్ణాటకలో ఇదే పురుగు పొద్దుతిరుగుడు ఆకులు కొరుకుతోందని కలకలం రేగింది. కేంద్రం నిజనిర్ధారణ కమిటీ వేసింది. శాస్త్రవేత్తలు పరీక్షలు చేస్తే అసలు కారణం బయటపడింది: పక్కనున్న వయ్యారిభామ పుప్పొడి ఆ ఆకుల మీద రాలడం వల్లే పురుగు వాటిని కొరికింది. చూసింది నిజమే, తీసిన అర్థమే వేరు.

ఏఐ టూల్స్‌తో పని చేయాల్సిన మీకు ఈ అలవాటే కావాలి. జవాబు క్షణంలో వస్తుంది. దాన్ని సరిచూసే మనిషికే విలువ.

ఈ వానాకాలం ప్రాక్టీస్ చేయండి. పురుగును పైనుంచి, పక్కనుంచి ఫొటో తీయండి. అది ఉన్న మొక్కను కూడా తీయండి. తేదీ, చోటు రాసుకోండి. పోలిక ఉన్న మరో రెండు పురుగులను ఎందుకు కాదన్నారో రెండు లైన్లు రాయండి. ఐనాచురలిస్ట్‌లో పెడితే తెలిసినవాళ్లు సరిచేస్తారు, వాళ్లతో వాదించండి కూడా. ఇలాంటివి పది చేస్తే రెజ్యూమేలో "అనలిటికల్ స్కిల్స్" అని ఉత్తగా రాయక్కర్లేదు. ఇంటర్వ్యూలో అడిగితే చూపించడానికి మీ చేతిలో పని ఉంటుంది.