పెంపుడు కుక్కకు పచ్చి మాంసమా?

కాటారం వంటి ఊళ్లలో మటన్ దుకాణం ముందు కాచుకొన్న కుక్కలకు పచ్చి కాలేయం, ఊపిరితిత్తుల తునకలు విసరడం మామూలే. పచ్చిదే బలమని పెంపుడు కుక్కకూ అవే పెడతారు. నేను అంగీకరించను. గొర్రె కాలేయంలో కనిపించే నీటి తిత్తులలో ఎకైనోకాకస్ అనే బద్దెపురుగు పిల్లదశ దాగి ఉండవచ్చు. అది కుక్క పేగులో పెరిగి, మలంతో గుడ్లను విడుస్తుంది. కుక్క మాత్రం హుషారుగానే ఉంటుంది! దానిని నిమిరిన చేతిని కడుక్కోకుండా అన్నం తిన్న పిల్లవాని కాలేయంలో హైడాటిడ్ తిత్తి ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా పెరుగుతుంది, పగిలితే ప్రాణాపాయం. ఫ్రిజ్‌లో పెట్టినంత మాత్రాన పురుగు చావదు. మాంసాన్ని అరగంట ఉడికించండి. పశువైద్యుని సలహాతో కుక్కకు ప్రాజిక్వాంటెల్ మాత్ర వేయించండి. అయితే యజమాని ఒక్కడే జాగ్రత్తపడితే చాలదు. తిత్తులున్న భాగాలను దుకాణదారు లోతుగా పాతిపెట్టేలా పంచాయతీ చూడాలి.