వైద్యము దానమా? హక్కా?

స్వరాజ్యమనగా నేమి యను ప్రశ్నకు మన పెద్దలు 1931వ సంవత్సరమున కరాచీ కాంగ్రెసు మహాసభయందే సమాధానము చెప్పియుండిరి. ప్రాథమిక హక్కులను గూర్చిన ఆ తీర్మానమున వాక్స్వాతంత్ర్యము, సభాస్వాతంత్ర్యము మాత్రమే గాక, వార్ధక్యము, వ్యాధి, నిరుద్యోగము అను మూడింటివలన గలుగు ఆర్థికదుర్గతినుండి శ్రమజీవికి రక్షణ గావలయునన్న మాటయు గలదు. పరప్రభుత్వము తొలగి ఏడున్నర దశాబ్దములు దాటినవి. వ్యాధిచే మంచముపట్టిన కూలివానికి నాటి వాగ్దానము నేటికైనను చెల్లినదా? వైద్యము ఎల్లరకును ఉచితముగ లభింపవలయునా యను వాదము మరల బయలుదేరిన ఈ సమయమున నా అభిప్రాయమును సూటిగ చెప్పెదను. లభింపవలయును. అయితే అది దాత దయగ గాక, ప్రభుత్వము ప్రసాదించు పథకముగ గాక, చట్టము గుర్తించిన హక్కుగ లభింపవలయును. తిరుపతి, చిత్తూరు సీమల యనుభవము ఈ భేదమును తేటతెల్లము చేయుచున్నది.

న్యాయవాదవృత్తియందున్నవారికి ఈ విషయమున ఒక సాక్ష్యము నిత్యము కంటబడుచుండును. ప్రామిసరీ నోటుయందును, తనఖా దస్తావేజునందును అప్పు పుచ్చుకొనుటకు గల కారణము వ్రాయు వాడుక మనలో నున్నది. "నా కుటుంబ అవసరముల నిమిత్తము" అను మాట ప్రతిపత్రమునందును ఉండును. ఆ అవసరమేదియని కొంచెము కదలించి యడిగినచో అది పెండ్లియో, బోరుబావియో, కానిచో వైద్యమో యగును. పెండ్లిని మాఘమాసమునుండి వైశాఖమునకు జరుపవచ్చును. బోరును మరుసటియేట వేయించుకొనవచ్చును. గుండెపోటు వాయిదాకు ఒప్పుకొనదు. అందుచే వైద్యమునకు అప్పుచేయువాడు వడ్డీని గూర్చి బేరమాడజాలడు; పొలమునకు తగిన వెల వచ్చువరకు ఆగజాలడు. బట్ట కొనువాడు నాలుగు దుకాణములు తిరిగి నాణెమును, వెలను పోల్చుకొనును. రోగికి తనకేమి కావలయునో తెలియదు. కావలసినదానిని నిర్ణయించువాడే దానిని అమ్మువాడు. ఇట్టి బేరమును వ్యాపారమనుట మాటవరుసకే. ఇందు ఒకపక్షమునకు తెలివిలేదు, తీరికలేదు, కాదనగల శక్తియు లేదు.

ఇది మన సీమకే పరిమితమైన దుఃస్థితి కాదు. 2021-22 సంవత్సరపు జాతీయ ఆరోగ్యవ్యయ గణాంకముల ప్రకారము దేశమున వైద్యమునకగు ఖర్చులో 39.4 శాతము ప్రజలు స్వయముగ తమ జేబులనుండి చెల్లించినదే. ప్రభుత్వములన్నియు కలసి ఆరోగ్యమునకు వెచ్చించినది దేశోత్పత్తిలో 1.84 శాతము మాత్రమే. 2025 నాటికి దీనిని రెండున్నర శాతమునకు పెంచెదమని 2017లో కేంద్రప్రభుత్వమే తన జాతీయ ఆరోగ్యవిధానమున వ్రాసికొనెను. ఆ గడువు గడచినది.

మన ప్రాంతము ఈ విషయమున దానధర్మములకు కొదవలేనిది. 1911 వరకు చిత్తూరును, వేలూరును ఒకే ఉత్తరార్కాటు జిల్లా. వేలూరునందు అమెరికా వనితయగు ఐడా స్కడ్డరు 1900లో ఒకే మంచముతో ఆరంభించిన వైద్యశాల నేడు దేశప్రసిద్ధమై యున్నది. చిత్తూరువారు కష్టమువచ్చినపుడు నేటికిని కాట్పాడి దారి పట్టుచున్నారు. మదనపల్లెచెంత ఆరోగ్యవరమునందు పలు క్రైస్తవసంఘములు కలసి 1915లో క్షయరోగులకై చికిత్సాలయమును తెరచినవి. తిరుపతియందు రుయా పేరిట పెద్దాసుపత్రి వెలసినది. తిరుమల తిరుపతి దేవస్థానమువారు వికలాంగులకై బర్డ్ ఆసుపత్రిని నడుపుచున్నారు; వారి పూనికతో వెలసిన స్విమ్స్ వైద్యసంస్థ 1993లో పని కారంభించినది; పసిపిల్లల హృద్రోగములకై పద్మావతి హృదయాలయము 2021 అక్టోబరున ప్రారంభమైనది. భక్తుడు హుండీలో వేసిన రూపాయి ఏ మారుమూల పల్లెయందలి బిడ్డ గుండెకో ప్రాణము పోయుచున్నది. ఇంతకు మించిన ధర్మమేమి గలదు? ఈ సంస్థలకు మనమెల్లరము కృతజ్ఞులము.

అయినను దానమునకు స్వభావసిద్ధమైన యొక హద్దు గలదు. ఏ రోగమునకు వైద్యము చేయవలయునో, ఏ యూర చేయవలయునో దాత నిర్ణయించును, రోగి నిర్ణయింపడు. బిడ్డ గుండెకు తిరుపతియందు శస్త్రచికిత్స ఉచితముగ జరుగవచ్చును. ఆ బిడ్డ తల్లికి రక్తపోటు మాత్రలు, మామగారికి మధుమేహపు మందులు నెలనెలా కుప్పము పల్లెలలోనో, సత్యవేడు పల్లెలలోనో ఎవరు కొనియిచ్చెదరు? రోగికుటుంబమును కృశింపజేయునది ఒక్క పెద్ద శస్త్రచికిత్సయే కాదు. ప్రతినెలయు సంచిలోనుండి జారిపోవు ఈ మందుల సొమ్మును అట్టిదే. పెద్ద ఖర్చు వరదవలె వచ్చి పొలమును కోయును. చిన్నఖర్చు చెదవలె ఇంటిని తినును.

ప్రభుత్వపథకమునందును దానపుబుద్ధి పూర్తిగ వదలలేదు. 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీ యను పేర ఆరంభమైన పథకము ఎందరో పేదల ప్రాణములు నిలిపినది, ఇది నిస్సందేహము. కాని ప్రభుత్వము మారినపుడెల్ల దాని పేరు మారినది: ఎన్.టి.ఆర్. వైద్యసేవ యైనది, వై.ఎస్.ఆర్. ఆరోగ్యశ్రీ యైనది, మరల ఎన్.టి.ఆర్. వైద్యసేవ యైనది. ఓటుహక్కునకు ఎవరి పేరైనను పెట్టితిమా? హక్కునకు దాత పేరుతో పనిలేదు. దానమునకే ఆ పేరు కావలయును. పేరు మారుట యటుండనిండు. 2025 అక్టోబరున బకాయిలు చెల్లలేదని ప్రైవేటు ఆసుపత్రులు ఈ పథకపు సేవలను నిలిపివేసినవి. ప్రభుత్వమునకును ఆసుపత్రికిని నడుమ లెక్క తేలలేదు. నష్టపడినది చేత కార్డు పట్టుకొని గుమ్మమున నిలిచిన రోగి. చేతనున్నది హక్కుపత్రమే యైనచో ఆతడు ఎవరినైనను నిలదీయగలిగెడివాడు. అది కార్డు మాత్రమే గనుక ఇంటికి మరలెను.

జవాబుదారి లేనిచోట ఉచితము చాలదని రుయా ఆసుపత్రి చరిత్రయే చెప్పుచున్నది. 2021 మే 10వ తేది రాత్రి కోవిడు రోగులకు ప్రాణవాయువు సరఫరా తగ్గి, అధికారుల లెక్క ప్రకారమే 11 మంది మరణించిరి. 2022 ఏప్రిలులో అచ్చటనే మరణించిన తన బిడ్డ దేహమును ఒక తండ్రి మోటారుసైకిలుపై సుమారు 90 కిలోమీటర్లు తీసికొనిపోవలసివచ్చెను. ప్రైవేటు ఆంబులెన్సువారు అడిగిన సొమ్ము ఆతని శక్తికి మించినది. అచ్చట వైద్యము ఉచితమే. ఉచితమైనదెల్ల హక్కు కాదు. దోషము జరిగినపుడు ఎవరు సమాధానము చెప్పవలయునో, ఎన్నిదినములలో చెప్పవలయునో ముందుగనే నిర్ణయమైయున్నపుడే యది హక్కు.

ఇక ఆక్షేపణలను విచారింతము. ఉచితమనిన అలుసగుననియు, పనిలేనివారు కూడ ఆసుపత్రికి వచ్చి పడియుందురనియు కొందరందురు. కూలి పోగొట్టుకొని, బస్సుఛార్జి పెట్టుకొని, సూదిపోటుకై యెవడు విలాసముగ వచ్చును? 1948 ఆగస్టున మన దేశమున బి.సి.జి. టీకాలు వేయుట మదనపల్లెయందు ఆరంభమైనది. నేటికిని క్షయమందులను ప్రభుత్వము ధనికుడనక దరిద్రుడనక ఉచితముగనే యిచ్చుచున్నది. ఉచితమైనదని ఎవరును క్షయను కోరి తెచ్చుకొనలేదు. ఒకని దగ్గు పదిమందికి అంటునన్న భయము ఈ యొక్క రోగమున మనకు వివేకము నేర్పినది. ఒకని అప్పు నాలుగు తరములకు అంటునన్న జ్ఞానము తక్కిన రోగములయందును రావలయును.

ధనికునకు కూడ ఏల ఉచితము, పేదలకు మాత్రమిచ్చిన చాలదా యందురు. ఇది వినుటకు న్యాయముగ దోచును. కాని ధనికుడు పన్ను చెల్లించును. ఆ పన్నే ఆతని రుసుము. అంతకంటె ముఖ్యమైన కారణము మరియొకటి గలదు. తిరుమలకు పోయినవారు ఎరుగుదురు. సర్వదర్శనపు వరుసయందు గంటల తరబడి నిలువవలయును. 300 రూపాయల టిక్కెట్టుకు వరుస వేరు. పెద్దలకు వచ్చు దారి యింకను వేరు. దేవుడొక్కడే, వరుసలు పెక్కు. పలుకుబడి గలవారు ఉచితవరుసలో నిలిచిననాడు ఆ వరుస నిలచిపోవునా? తరిగొండ వెంగమాంబ అన్నప్రసాదభవనమునకు పొండు. అచ్చట కార్డు అడుగరు, కులమడుగరు, ఆదాయమడుగరు; లక్షాధికారియు కూలివాడును ఒకే పంక్తిలో ఒకే అన్నము తిందురు. అందుచేతనే ఆ అన్నము శ్రేష్ఠముగ నున్నది. ఆసుపత్రి అన్నశాలవలె నుండవలయును. దర్శనపు వరుసలవలె నుండరాదు. కలెక్టరు, శాసనసభ్యుడు, న్యాయమూర్తి తమ బిడ్డలను ప్రభుత్వాసుపత్రికి తెచ్చిననాడు అచ్చటి దీపములు ఆరవు, మందులు నిండుకొనవు.

ధనమెక్కడిదందురా? రెండవ ప్రపంచయుద్ధమున చితికి, రొట్టెకు, మాంసమునకు రేషను పెట్టుకొనియున్న దినములలోనే బ్రిటను దేశము 1948 జూలై 5వ తేదిన జాతీయ ఆరోగ్యసేవను ఆరంభించెను. నేడచ్చట శస్త్రచికిత్సలకు నిరీక్షణ దీర్ఘమైనదన్నది నిజమే. అయినను ఆ సేవను వదలుకొనుటకు ఆ ప్రజలు సిద్ధముగ లేరు. బ్రిటను ధనికదేశమందురేని, థాయిలాండు 2002లో తన ప్రజలకెల్లరకును వైద్యరక్షణ కల్పించినది. అంతదూర మేల? మన పొరుగునగల తమిళనాడు 1994లో వైద్యసేవల కార్పొరేషను నొకదానిని స్థాపించి, మందులను కంపెనీపేర్లతో గాక అసలు పేర్లతో టోకున కొని, జిల్లా గిడ్డంగులనుండి ప్రభుత్వాసుపత్రులకు పంపి ఉచితముగ నిచ్చుచున్నది. అదే మాత్రకు కంపెనీపేరు తగిలింపగనే వెల ఎన్ని యింతలగునో మందుల దుకాణమునకు పోయినవారెల్లరు నెరుగుదురు. సగము భారము వైద్యముది కాదు, ఆ పేరుది.

ఈ తలపు మనకు పరాయిది గాదు. పైకము లేదను కారణమున ఎవరికిని వైద్యము అందకపోరాదని 1946లో సర్ జోసెఫ్ భోరు సంఘము చెప్పెను. రాజ్యాంగపు 47వ అధికరణము ప్రజారోగ్యాభివృద్ధిని ప్రభుత్వపు ప్రథమకర్తవ్యములలో నొకటిగ చేర్చెను. అయితే అది ఆదేశసూత్రమగుటచే న్యాయస్థానమున దానిని నేరుగ అమలుజరిపించుకొనుటకు వీలులేదు. 1996లో సుప్రీంకోర్టు పశ్చిమబంగాళ వ్యాజ్యమున ఆ లోటును కొంత పూరించి, ప్రాణాపాయస్థితిలో నున్నవానికి ప్రభుత్వాసుపత్రి చికిత్స నిరాకరించుట 21వ అధికరణమునందలి జీవితహక్కునకు భంగమని తీర్పుచెప్పెను. 2023లో రాజస్థాను శాసనసభ ఆరోగ్యహక్కు చట్టమును చేసెను. ప్రజారోగ్యము రాష్ట్రజాబితాలోనిది. మన శాసనసభ తలచినచో ఢిల్లీవైపు చూడవలసిన పనిలేదు.

ఆ చట్టమున మూడు విషయములుండవలయును. మొదటిది, ప్రతి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునందును రక్తపోటు, మధుమేహము మొదలగు దీర్ఘరోగముల మందులు సంవత్సరము పొడవున కార్డు లేకయే దొరకవలయును. రెండవది, ప్రాణాపాయస్థితిలో వచ్చినవానిని ఏ ఆసుపత్రియు, ప్రభుత్వముదైనను ప్రైవేటుదైనను, ముందు పైకమడుగరాదు; ఖర్చును ప్రభుత్వము గడువులోపల చెల్లింపవలయును. మూడవది, సేవ అందనపుడు జిల్లాయందే విచారణ జరిపి నియతకాలమున తీర్పుచెప్పు అధికారి యుండవలయును. ఈ మూడును లేక బీమాపాలసీలు పెంచుట కంపెనీలకు లాభమే గాని రోగికి ధైర్యము గాదు. 2025 సెప్టెంబరున రాష్ట్ర మంత్రివర్గము మదనపల్లెతో కూడ పది నూతన వైద్యకళాశాలలను ప్రైవేటు భాగస్వామ్యమున నిర్మింప నిశ్చయించినది. గోడలు ఎవరు కట్టినను కట్టనిండు. లోనికి వచ్చు రోగికి ఏ హక్కు గలదో ముందు చట్టమున వ్రాయుడు.

చట్టము చేసినంతనే వైద్యుడు పల్లెకు పోడు, మందు గిడ్డంగికి రాదు, ఇది నిజమే. కాని అడుగుటకు ఆధారము లేనివాడు వేడుకొనును; ఆధారము గలవాడు నిలబడి అడుగును. సోదరులారా, మీ గ్రామపు ఆరోగ్యకేంద్రమునకు ఈ వారము పోయి, ఏ మందు ఉన్నది, ఏది లేదు, వైద్యుడు ఏ దినములందు వచ్చుచున్నాడు అను విషయములను వ్రాసి, గ్రామసభయందు చదువుడు. మీ శాసనసభ్యుడు ఓటునకు వచ్చినపుడు ఆ కాగితమును ఆయన చేతికిచ్చి జవాబడుగుడు. ఉప్పుపన్ను పోవలయునని మన తాతలు సముద్రమువరకు నడచిరి. మందుకై మనము ఆరోగ్యకేంద్రము వరకైనను నడువలేమా?