ఇంటి ఫ్రిజ్జు – ఆకాశపు గొడుగు

గత వేసవిలో మా పాత ఫ్రిజ్జు చెడినప్పుడు, బాగుచేయ వచ్చిన యతడు అందలి వాయువును బయటికి విడిచివేసెను. మేము చూచుచు ఊరకుంటిమి. అది తప్పని పిదప తెలిసినది.

పూర్వము ఫ్రిజ్జులలో వాడిన క్లోరోఫ్లోరోకార్బనులు పైకెగసి, ఎండలోని హానికర కిరణములను అడ్డగించు ఓజోను పొరను క్షీణింపజేసినవి. 1985లో అంటార్కిటికాపై ఆ పొర మిక్కిలి పలుచబడినట్లు శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. 1987లో మాంట్రియల్ నగరమున ఆ వాయువులను తగ్గించుటకు దేశముల నడుమ ఒడంబడిక జరిగెను. అందలి ధర్మము గమనింపదగినది: ఎక్కువ వాడిన సంపన్నదేశములు ముందుగా తగ్గింపవలెను; బీదదేశములకు పదేండ్ల గడువు. 1990లో వానికి సహాయనిధియు ఏర్పడెను. మన దేశము 1992లో చేరినది; 2009 నాటికి చేరని దేశము లేదు. ఈ నియమములు సాగినచో, 2066 ప్రాంతమునకు అంటార్కిటికాపైని పొర 1980 నాటి స్థితికి వచ్చునని 2023లో నిపుణులు తెలిపిరి.

అయితే బదులుగా వచ్చిన వాయువులు కొన్ని భూమిని వేడెక్కించుచున్నవి. మా యింట వృథాగా పోయినది అట్టిదే. వానిని తగ్గించుటకు 2016లో కిగాలి నగరమున నిర్ణయము జరుగగా, మన దేశము 2021లో ఆమోదించినది.

శాసనము సభలలో పుట్టినను, నిలుచునది మన వంటయిండ్లలోనే. ఇకమీద ఫ్రిజ్జు బాగుచేయించునపుడు వాయువును సిలిండరులోనికి పట్టుమని అడుగుడు. మేమును ఊరకుండము.